పెయింటింగ్ కాంట్రాక్టు మొదలుపెట్టేవారికి: ఏ కాగితం ఎప్పుడు కావాలి

పెయింటింగ్ కాంట్రాక్టరు లైసెన్సు అనే పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో ఏ కాగితమూ లేదు. సంక్రాంతి ముందు పనుల కాలం వచ్చిందంటే మా ఇంటికి వచ్చే కుర్ర మేస్త్రీలు మొదట అడిగేది దాని గురించే, అందుకని ముందే చెప్పేస్తున్నాను. "వదినా, ఆ లైసెన్సు ఏ ఆఫీసులో ఇస్తారు? ఎంతవుతుంది?" అంటారు. అలాంటి లైసెన్సు ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అయితే లైసెన్సు లేదు కదా అని ఏ కాగితమూ లేకుండా పని పట్టుకుంటే మాత్రం చిక్కుల్లో పడతారు.

మాది విజయనగరం, గంటస్తంభానికి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు. మా ఆయన హెల్పరుగా గోడలు గీకడంతో మొదలుపెట్టి ఇరవై నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్నారు. సొంతంగా పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆయన బ్రష్షు పట్టుకుంటే నేను ఫైలు పట్టుకున్నాను. ఆఫీసుల చుట్టూ తిరిగింది, ఫారాలు నింపింది, తప్పులు చేసి దిద్దుకున్నది నేను. అందుకే ఇది నేనే రాస్తున్నాను.

మా ఆడపడుచు కొడుకు అమెరికాలో ఉంటాడు. కాలిఫోర్నియా రాష్ట్రంలో రంగులు వేసేవారికి సీ-33 అనే ప్రత్యేక లైసెన్సు ఉందని అతను చెప్పాడు. నాలుగేళ్ల పని అనుభవం చూపించి పరీక్ష రాస్తేనే అది ఇస్తారట. అక్కడే మరో పెద్ద రాష్ట్రం టెక్సాస్‌లో రాష్ట్రం ఇచ్చే లైసెన్సే లేదట. మన దగ్గర పనితనాన్ని ఎవరూ పరీక్షించరు. పుట్టీ ఆరకముందే ప్రైమర్ కొట్టేవాడు కూడా కాంట్రాక్టరే. ప్రభుత్వం మనల్ని అడిగేవి మూడే సంగతులు: నీ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు, ఏడాదికి ఎంత డబ్బు నీ చేతుల మీదుగా పోతోంది, ఏ ఊళ్లో చేస్తున్నావు. ఈ మూడూ తెలిస్తే మీకు కావలసిన కాగితాలేమిటో మీరే చెప్పగలరు.

ముందుగా కూలీల కార్డులు

అందరూ జీఎస్టీతో మొదలుపెడతారు. నేను నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో కూలీ పేరు నమోదు చేసి ఇచ్చే లేబర్ కార్డుతో మొదలుపెట్టమంటాను. దానికి కారణం ఉంది.

తొమ్మిదేళ్ల క్రితం గజపతినగరం వైపు ఊరి నుంచి వచ్చిన ఒక కుర్రాడు మా పనిలో ఉండేవాడు. మొదటి అంతస్తు సన్‌షేడు కింద రంగు వేస్తుండగా పరంజా మీది బల్ల జారి కింద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. లేబర్ కార్డు ఉందా అని ఆసుపత్రిలో ఎవరో అడిగారు. లేదు. అతనికే కాదు, మా దగ్గర పనిచేసే పదకొండు మందిలో ఒక్కరికీ లేదు. నా మెడలోని గొలుసు తాకట్టు పెట్టి వైద్యం చేయించాం. డబ్బు పోయినందుకు నేను బాధపడలేదు. వాళ్ల అమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని "ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా అమ్మా" అని నన్ను అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆ కార్డు చేయించాల్సింది మేమే.

భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది, 2025 నవంబరులో కొత్త కార్మిక చట్టాల్లో కలిసింది. ఇల్లు కట్టేవారితో పాటు మరమ్మతు, నిర్వహణ పనులు చేసేవారు కూడా దాని కిందికి వస్తారు, కాబట్టి పెయింటర్లూ వస్తారు. వయసు 18 నిండి 60 లోపు ఉండాలి. గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు ఇలాంటి పని చేసి ఉండాలి. కార్డు ఉన్న కార్మికుడికి ప్రమాదంలో మరణం, అంగవైకల్యం, ప్రసూతి, పెళ్లి వంటి సందర్భాలకు సంక్షేమ మండలి పథకాలు ఉంటాయి. ఆ డబ్బు ఎక్కడిదని మేస్త్రీలు అడుగుతారు. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సుగా వసూలు చేసి ఆ మండలికి జమచేస్తారు. ఇంటి ప్లాను మంజూరయ్యేటప్పుడు యజమానులు కట్టేది అదే. అంటే మీ కూలీల పేరు మీద డబ్బు ఇప్పటికే వసూలవుతోంది. పేరు నమోదు కానివాడికి అది అందదు.

నమోదు చాలామందికి ఆ తొంభై రోజుల దగ్గరే ఆగిపోతుంది. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. తొంభై రోజులు పనిచేశాడని రాసిచ్చేవారు దొరకరు. ఆ కాగితం ఇవ్వాల్సింది పని చేయించుకున్న కాంట్రాక్టరు. తీరా అడిగితే "ఎన్ని రోజులు చేశావో నాకేం గుర్తు" అనే కాంట్రాక్టర్లను చూశాను. అందుకే ఒక పొడుగు నోటుపుస్తకం కొనండి. మా దగ్గర ఆ ప్రమాదం జరిగిన వారం నుంచి రాస్తున్నవి ఉన్నాయి. ప్రతి పేజీకీ పైన పని జరిగే ఇల్లు, వీధి, ఊరు, తేదీ. కింద ఒక్కొక్కరి పేరు, ఆ రోజు కూలీ, పక్కన సంతకం లేదా వేలిముద్ర. సాయంత్రం చేతులు కడుక్కోకుండానే వేలిముద్ర వేస్తారు కాబట్టి ఆ రోజు వేసిన రంగు పేజీకి అంటుకుంటుంది. నీలం మరక ఉన్న పేజీలు కంటోన్మెంటు దగ్గర స్కూలు పనివి, గోధుమ రంగు మరకలు తలుపులకు ఎనామిల్ వేసిన రోజులవి. లేబర్ ఆఫీసులో ఒకసారి నేను రాసిచ్చిన పత్రాన్ని అనుమానించారు. ఆ పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. రెండు పేజీలు తిప్పి చూసి ఇక ఏమీ అడగలేదు.

మీరిచ్చే పత్రంలో కార్మికుడి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూసుకోండి. పని జరిగిన చోట్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, మీ పూర్తి చిరునామా, ఫోను నంబరు, సంతకం ఉండాలి. దాంతో మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు కార్యాలయానికి వెళ్లాలి. ఇక్కడ ఒక మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత కార్డు మీద పాత జిల్లా పేరే ఉన్నవారు చాలామంది ఉన్నారు. గడువు పొడిగించుకునేటప్పుడు ఇప్పుడు ఏ జిల్లా అయితే అక్కడికే వెళ్లాలి. పాత ఆఫీసులో వరుసలో నిలబడితే ఒక పూట కూలీ పోయినట్టే.

ఈ-శ్రమ్ కార్డు దీనికి బదులు కాదు. అది 2021 ఆగస్టులో కేంద్రం మొదలుపెట్టిన నమోదు, 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులకు. ఉచితమే, అదీ చేయించండి. కానీ "ఈ-శ్రమ్ ఉంది, ఇక లేబర్ కార్డు ఎందుకు" అనుకోవద్దు. రెండూ వేరు.

వేసవి సెలవుల్లో పదో తరగతి రాసిన పిల్లలు పనికి వస్తామంటారు. ఇంట్లో ఇబ్బంది వల్లే వస్తారు, కాదనడం కష్టమే. అయినా పద్దెనిమిది నిండనివాళ్లను పరంజా ఎక్కించకండి.

తలల లెక్క

పదిమంది లోపు పనిచేసే చిన్న జట్టుకు పైన చెప్పిన కార్డులు, నోటుపుస్తకం ఉంటే కూలీల విషయంలో చాలావరకు సరిపోతుంది. పదికి చేరితే సంగతి మారుతుంది. సంస్థగా మీరు కూడా నమోదు చేసుకోవాలి. ఈఎస్ఐ అనే కార్మికుల ఆరోగ్య బీమా కూడా పదిమందితోనే మొదలవుతుంది. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి అది వర్తిస్తుంది. కార్మికుడి జీతం నుంచి 0.75 శాతం, మీ వంతు 3.25 శాతం. ఇరవై మంది ఉంటే భవిష్యనిధి (పీఎఫ్) కూడా.

కాంట్రాక్టు లేబర్ లైసెన్సు అని మీరు విని ఉంటారు. కాంట్రాక్టరుకు లైసెన్సు అన్న మాట నిజంగా ఉన్నది అక్కడే. 1970 నాటి కేంద్ర చట్టంలో అది 20 మంది కూలీలున్న కాంట్రాక్టరుకు కావాల్సి వచ్చేది. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వాటిలో ఆ సంఖ్య 50. కాబట్టి పాత పుస్తకంలో చదివి ఎవరో చెప్పిన సంఖ్య నమ్మకుండా, పెద్ద పని ఒప్పుకునే ముందు లేబర్ ఆఫీసులో అడగండి.

చట్టం ఏ సంఖ్య చెప్పినా, ఫ్యాక్టరీల గేటు దగ్గర లెక్క వేరు. పైడిభీమవరంలోనో బొబ్బిలి గ్రోత్ సెంటరులోనో షెడ్డుకు రంగు వేసే పని దొరికిందనుకోండి, ఆరుగురు చాలు. అయినా లోపలికి వెళ్లే పాసు ఇచ్చేముందు భవిష్యనిధి కోడ్, ఈఎస్ఐ కోడ్, ఒక్కొక్కరి నంబరు అడుగుతారు. కూలీ జీతం కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న యజమాని చెల్లించాలని చట్టంలో ఉంది. అందుకే వాళ్ల జాగ్రత్త వాళ్లది. మా మొదటి ఫ్యాక్టరీ పని ఇలాగే చేజారింది. ధర కుదిరింది, అడ్వాన్సు మాట కూడా అయింది, కోడ్‌లు లేక వారం రోజులు ఆగాం. ఈలోగా వాళ్లు వేరేవారిని పెట్టుకున్నారు. అలాంటి పనులు చేయాలనుకుంటే తక్కువ మందితోనైనా ముందే తీసుకుని ఉంచుకోవచ్చు. కానీ తీసుకున్నాక నెలనెలా లెక్కలు పంపాల్సిందే.

డబ్బు లెక్క

ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. రంగులు వేసే పనికి పన్ను 18 శాతం. ఇక్కడ మేస్త్రీలు పడే గొయ్యి ఒకటుంది. కూలీ మాత్రమే మాట్లాడుకుంటే మీ వ్యాపారం ఆ కూలీ మొత్తమే. రంగు డబ్బాలతో సహా ఒప్పుకుంటే డబ్బాల ఖరీదు కూడా మీ వ్యాపారంలో కలుస్తుంది, మీకు అందులో ఒక్క రూపాయి మిగలకపోయినా సరే. మా లెక్కే చెబుతాను. ఒక డాబా ఇంటికి లోపలా బయటా కలిపి నాలుగు లక్షలకు ఒప్పుకున్నాం. అందులో పుట్టీ, ప్రైమర్, ఎమల్షన్ అన్నీ కలిపి రెండు లక్షల పైచిలుకు. అలాంటి ఇళ్లు ఏడాదికి ఐదు చేస్తే ఇరవై లక్షలు, ఆరో ఇంటికి గీత దాటినట్టే. అదే కూలీ ఒప్పందమైతే పది ఇళ్లు చేసినా దాటదు. ఇంటి యజమాని సొంతంగా డబ్బాలు కొనుక్కుంటానంటే మొదట్లో మొహం చిన్నబుచ్చుకోకండి. ఆ బిల్లు ఆయన పేరు మీదే ఉంటుంది, మీ లెక్క తేలికవుతుంది.

నమోదు జీఎస్టీ వెబ్‌సైటులో ఉచితం. పాన్, ఆధార్, ఫొటో, బ్యాంకు వివరాలు, చిరునామాకు కరెంటు బిల్లు లేదా ఇంటి పన్ను రసీదు కావాలి. ఇల్లు మీ పేరున లేకపోతే యజమాని ఒప్పుకోలు పత్రమో అద్దె ఒప్పందమో జతచేయాలి. మా ఇల్లు మామగారి పేరున ఉండటంతో మొదటిసారి దరఖాస్తు వెనక్కి వచ్చింది. మామగారితో ఒక పత్రం రాయించి పెట్టాక వచ్చింది.

యాభై లక్షల లోపు సేవల వ్యాపారానికి 6 శాతం కట్టే కాంపోజిషన్ పథకం ఉంది. లెక్కలు రాసే బెడద తగ్గుతుంది. ఇళ్ల పనులు మాత్రమే చేసేవారికి మంచిదే. కానీ అందులో ఉన్నవారు వేరే రాష్ట్రంలో పని చేయకూడదు, యజమాని నుంచి విడిగా పన్ను వసూలు చేయకూడదు. ఫ్యాక్టరీలు, షోరూములవారు మీరు వేసిన పన్నును తమ లెక్కలో తగ్గించుకోవాలనుకుంటారు, అది కుదరదు కాబట్టి మీకు పని ఇవ్వడానికి వెనకాడతారు.

పాన్ కార్డు లేకుండా కంపెనీ పని చేయకండి. కంపెనీలు బిల్లులో ఒక శాతం ఆదాయపు పన్ను కింద పట్టుకుంటాయి, పాన్ లేకపోతే 20 శాతం పట్టుకుంటాయి. పాన్ ఉంటే, మీకు ఆదాయపు పన్ను పడకపోతే ఆ ఒక శాతాన్ని రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ఉద్యమ్ నమోదు 2020 జులై 1 నుంచి ఉంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, పావుగంటలో అయిపోతుంది. మన పని 'భవనాల పూర్తి, ఫినిషింగ్' అనే 4330 కోడ్ కిందికి వస్తుంది. బ్యాంకులో కరెంటు ఖాతా తెరవడానికి, చిన్న అప్పుకు ఇది బాగా పనికొస్తుంది. పూర్తిగా ఉచితం. నేను మాత్రం అచ్చం ప్రభుత్వ వెబ్‌సైటులాగే కనిపించే ఒకదానిలో 2,500 రూపాయలు కట్టాను. డబ్బు అడిగితే అది అసలు వెబ్‌సైటు కాదని అప్పుడు నాకు తెలియదు. ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది, అది చూసుకోండి.

వృత్తి పన్ను కూడా రాష్ట్రం తీసుకుంటుంది. రాజ్యాంగం ప్రకారం ఎవరి దగ్గరా ఏడాదికి 2,500 రూపాయలకు మించి తీసుకోకూడదు. అంతకన్నా ఎక్కువ అడిగితే కారణం అడగండి.

చోటు లెక్క

ఇంట్లోనే బ్రష్షులు, బల్లలు పెట్టుకుంటే పెద్ద తంటా లేదు. రంగులు, టిన్నరు నిల్వచేసే గది అద్దెకు తీసుకుంటే మాత్రం మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు గురించి అడిగి తెలుసుకోండి, పల్లెల్లో అయితే పంచాయతీలో. టిన్నరు, టర్పెంటైన్ ఇట్టే అంటుకునేవి. వంటింటి పక్క గదిలో ఇరవై లీటర్ల టిన్నరు పెట్టుకున్న మేస్త్రీ ఇంటికి వెళ్లి నేను అక్కడి నుంచి తీయించేదాకా కదల్లేదు.

పర్లాకిమిడి మన పాతపట్నం పక్కనే. సైకిలు మీద వెళ్లి వేసొచ్చే పనిలా అనిపిస్తుంది. కానీ అది ఒడిశా. ఇల్లు ఎక్కడుందో ఆ పని అక్కడ జరిగినట్టే జీఎస్టీ లెక్కలో చూస్తారు కాబట్టి మన బిల్లు రెండు రాష్ట్రాల మధ్య బిల్లు అవుతుంది. 20 లక్షల లోపు వ్యాపారం ఉంటే దానికోసం విడిగా నమోదు అక్కర్లేదు. నమోదు ఉంటే ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య పనికి వేసే జీఎస్టీ, వేయాలి. పార్వతీపురం నుంచి రాయగడ వెళ్లేవారికీ ఇదే.

హైదరాబాదు ప్రయాణం ఇంకా పెద్ద సంగతి. మన జిల్లాల నుంచి కోతలయ్యాక జట్లు జట్లుగా వెళ్తారు. మేస్త్రీ రైలు టికెట్లు కొని పదిహేను మందిని తీసుకెళ్తే తెలంగాణలో అతను వలస కార్మికులను తెచ్చిన కాంట్రాక్టరు. 1979 నాటి చట్టంలో ఆ లెక్క ఐదుగురితో మొదలయ్యేది, కొత్త కోడ్‌లో పదిమంది. రానుపోను ఛార్జీలు కూలీ నెత్తిన వేయకూడదు. వెళ్లేముందు అందరి పేర్లు, ఊళ్లు, ఇంట్లో ఒకరి ఫోను నంబరు రాసిన జాబితా ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి ఉంచండి. మా మరిది జట్టులో ఒకరికి అక్కడ జ్వరం వచ్చి స్పృహ తప్పితే, ఈ జాబితా చూసే వాళ్ల ఇంటికి కబురు చేశాం.

ప్రభుత్వ బడి, ఆసుపత్రి గోడలు

ప్రభుత్వ పనులకు మాత్రం నిజమైన రిజిస్ట్రేషను ఉంది. సివిల్ కాంట్రాక్టర్లను ప్రత్యేక తరగతి, ఆ కింద 1 నుంచి 5 తరగతులుగా నమోదు చేస్తారు. కొత్తవారు ఐదో తరగతితో మొదలుపెట్టవచ్చు. రోడ్లు భవనాల శాఖ లేదా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ కార్యాలయంలో అడిగితే ఫారం, జతచేయాల్సినవి చెబుతారు. ఆర్థిక స్తోమత చూపే సాల్వెన్సీ పత్రం మీదే ఎక్కువ ఆలస్యం అవుతుంది, దాన్ని ముందే మొదలుపెట్టండి. టెండర్లు ఆన్‌లైన్‌లో వేయాలి, డిజిటల్ సంతకం కావాలి. కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటితే బిల్లులో 2 శాతం జీఎస్టీ కింద పట్టుకుంటారు, అది మీ ఖాతాలో కనబడుతుంది, మరిచిపోకుండా వాడుకోండి. బిల్లు రావడానికి నెలలు పట్టవచ్చు. కూలీలకు ఇవ్వడానికి మూడు నెలల డబ్బు చేతిలో లేకుండా ఆ పనులకు వెళ్లవద్దని నా గట్టి మాట.

బడులకు రంగు వేసేటప్పుడు డబ్బా మీద సీసం ఎంతుందో చదవండి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. పాత బడుల తలుపులు, కిటికీల మీద అంతకుముందు వేసిన ఎనామిల్ పొరలు ఉంటాయి. వాటిని పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లలు పీలుస్తారు. నీళ్లు చల్లి తడిగా గీకండి, రాలిన పెచ్చులు ఊడ్చి సంచిలో కట్టండి.

చివరగా ఫోను సంగతి. పైన చెప్పిన దాదాపు ప్రతి నమోదుకూ ఆధార్‌కు ముడిపడ్డ ఫోనుకే ఓటీపీ వస్తుంది. మన కుర్రాళ్లు హైదరాబాదు వెళ్లగానే అక్కడ కొత్త సిమ్ము కొంటారు, పాతది పారేస్తారు. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చిన నలుగురిని లేబర్ కార్డుల కోసం తీసుకెళ్తే ముగ్గురి ఓటీపీలు ఎవరి ఫోనుకు వెళ్లాయో తెలియలేదు. ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకునేసరికి వాళ్ల తిరుగు ప్రయాణం రోజు వచ్చేసింది. మీ జట్టులో ఎవరైనా ఊరు వదిలేముందు ఆ పాత నంబరు రీఛార్జి చేయించి, సిమ్ము ఇంట్లో ఉన్న ఫోనులో వేయించి పంపండి.